వైద్యానికి ఎక్కడికి వెళ్ళాలి? పల్లె కుటుంబం ముందుగానే తేల్చుకోవలసిన లెక్క

జబ్బు చేసిన మనిషిని ఎక్కడికి తీసుకువెళ్ళాలన్న ప్రశ్న పల్లెల్లో చాలాసార్లు అర్ధరాత్రి వాకిట్లో నిలబడి తేల్చుకోవలసి వస్తుంది. ఒకరు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం చాలంటారు, మరొకరు నేరుగా పట్నంలోని పెద్దాసుపత్రికే పోదామంటారు, ఇంకొకరు తెల్లారేదాకా చూద్దామంటారు. వారి మాటల్లో ఏదీ తెలివితక్కువ మాట కాదు. అయితే ఆ మాటల మధ్యే గంట గడిచిపోతుంది. ఈ నిర్ణయాన్ని అందరూ ఆరోగ్యంగా ఉన్న ఒక రోజున, తీరికగా కూర్చుని చేసుకునే పనిగా మార్చుకోవడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సాధారణంగా కుటుంబాలు నాలుగు విషయాలు చూసుకుని వైద్యం వెతుక్కుంటాయి: ఎంత దూరం, ఎంత ఖర్చు, అక్కడ తెలిసినవారు ఎవరైనా ఉన్నారా, ఇరుగుపొరుగువారికి అక్కడ నయమైందా. వీటిని తీసిపారేయనక్కరలేదు. దారి ఖర్చు, పోయే కూలి, ఇంటి దగ్గర పిల్లలను, పశువులను చూసుకునే మనిషి లేకపోవడం అన్నవి నిజమైన ఇబ్బందులు. వాటిని పట్టించుకోకుండా ఇచ్చే సలహా ఎవరికీ పనికిరాదు. అయితే ఈ నాలుగింటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ జబ్బు మనకు ఎంత గడువు ఇస్తుంది? ఆరు నెలలు గడువిచ్చే జబ్బుకూ రెండు గంటలే గడువిచ్చే జబ్బుకూ ఒకే ఆసుపత్రి, ఒకే తీరు నిర్ణయం పనికిరావు.

గడువు లెక్క

కాన్పు ప్రమాదాలను అధ్యయనం చేసిన పరిశోధకులు వేసిన ఒక అంచనా ఈ విషయాన్ని అన్నిటికంటే స్పష్టంగా చూపిస్తుంది. చికిత్స అందక ప్రాణం పోయే సందర్భాల్లో, కాన్పు తర్వాత అధిక రక్తస్రావం మొదలైన తల్లికి సగటున ఉండే సమయం 2 గంటలు. కాన్పుకు ముందే రక్తస్రావమైతే 12 గంటలు, గర్భసంచి చిట్లితే ఒక రోజు, రక్తపోటు పెరిగి మూర్ఛలు వస్తే 2 రోజులు, బిడ్డ బయటికి రాలేక కాన్పు ఆగిపోతే 3 రోజులు, కాన్పు తర్వాత ఒంట్లో చీము చేరే ఇన్ఫెక్షన్ అయితే 6 రోజులు. ఈ అంకెలను ఒకసారి మీ ఊరి దారితో పోల్చి చూడండి. రక్తం ఎక్కించగల ఆసుపత్రి మీకు మూడు గంటల దూరంలో ఉంటే, కాన్పు తర్వాత రక్తస్రావం మొదలయ్యాక బయలుదేరడం అన్నది ఎంత వేగంగా చేసినా లెక్కకు అందని పని. కాబట్టి అటువంటి ఊళ్ళో ఉన్న గర్భిణి నొప్పులు మొదలవక ముందే ఆసుపత్రికి దగ్గరగా ఉండే చోటికి చేరుకోవాలి. అంతకు ముందు కాన్పులో రక్తస్రావమైనవారికీ, కడుపు కోసి కాన్పు చేయించుకున్నవారికీ, కవలలను మోస్తున్నవారికీ, రక్తహీనత ఎక్కువగా ఉన్నవారికీ ఈ జాగ్రత్త మరింత అవసరం.

గుండెపోటు, పక్షవాతం చూడటానికి ఒకే తొందర కోరేవిగా కనిపించినా, అవి కోరే చోటు ఒకటే కానక్కరలేదు. మూతి వంకరపోయి, ఒక చేయి పైకి లేవక, మాట తడబడిన మనిషికి మెదడులో రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. మూసుకుపోయిందని తేలితే, అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వవలసి ఉంటుంది. మెదడులోని పెద్ద రక్తనాళం మూసుకుపోయిన కొందరికి గడ్డను బయటికి లాగే చికిత్సను 24 గంటల వరకూ చేయగలరు కానీ, అది చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది. కాబట్టి పక్షవాతం లక్షణాలున్న మనిషిని స్కాన్ లేని చోటికి తీసుకువెళ్ళి అక్కడ రెండు గంటలు కూర్చోబెట్టడం అంటే ఆ నాలుగున్నర గంటల్లో దాదాపు సగాన్ని ఖర్చు చేయడమే. స్కాన్ కాక ముందు ఆస్పిరిన్ మింగించకూడదు; మింగే శక్తి కూడా పోయి ఉండవచ్చు కాబట్టి నీళ్ళు సైతం పట్టకూడదు. వెంట వెళ్ళేవారు తప్పక గుర్తుపెట్టుకోవలసిన అంకె ఒకటుంది: ఆ మనిషి మామూలుగా ఉండగా చివరిసారి చూసిన సమయం. నిద్రలేచేసరికే చేయి పడిపోయి ఉంటే, లెక్క మొదలయ్యేది లేచిన గంటనుంచి కాదు, రాత్రి మామూలుగా పడుకున్న గంటనుంచి.

గుండెపోటు సంగతి వేరు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు కనిపిస్తే ఈసీజీ తీసి, గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగల దగ్గరి చోటికి ముందు వెళ్ళడమే చాలాసార్లు సరైన దారి. మూసుకున్న రక్తనాళాన్ని బెలూనుతో తెరిచే చికిత్స రెండు గంటల లోపు అందేలా ఉంటే అది మేలు; అందకపోతే దగ్గర్లోనే ఇంజెక్షన్ తీసుకుని ఆ తర్వాత పెద్దాసుపత్రికి వెళ్ళాలన్నది వైద్యులు పాటించే పద్ధతి. దగ్గరా దూరమా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదని నేను అనడం ఇందుకే.

పాముకాటులోనూ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 81,000 నుంచి 1,38,000 మంది పాముకాటుతో చనిపోతున్నారు. వీరిలో ఎక్కువమంది పల్లెలవారే. కరిచిన చోట కోయడం, నోటితో విషం పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం వల్ల మేలు జరగదు, కీడు జరుగుతుంది. కరిచిన కాలినో చేతినో కదలనివ్వకుండా ఉంచి, ఉంగరాలు, కడియాల వంటివి తీసేసి, విషానికి విరుగుడు మందు నిల్వ ఉన్న చోటికి చేర్చాలి. అక్కడ మందు ఉండటంతో పాటు, శ్వాస మందగిస్తే నిలబెట్టే ఏర్పాటు కూడా ఉంటే మంచిది. ఈ రెండింటిలో ఏది ఎక్కడ ఉందో కాటు పడ్డాక విచారించడం ఆలస్యమే అవుతుంది.

కుక్కకాటు దీనికి పూర్తిగా భిన్నం. మనిషికి ఏమీ కానట్లే ఉంటుంది, తిరుగుతాడు, పనిచేసుకుంటాడు, అందుకే ఇంటివారు పట్టించుకోరు. కానీ రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. ఆ రోజే టీకా మొదలుపెట్టాలి, చెప్పిన తేదీలన్నింటికీ వెళ్ళి పూర్తి చేయాలి. రక్తం కారిన గాయమైతే టీకాతో పాటు గాయంలోకి ఎక్కించే మరో మందు (రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్) కూడా అవసరమవుతుంది కాబట్టి అది ఉన్నదో లేదో ముందే అడగాలి. దీనికి పెద్దాసుపత్రి అక్కరలేదు. టీకా, అవసరమైతే ఆ మందు నిల్వ ఉన్న దగ్గరి చోటు చాలు.

పసిపిల్లల విషయంలో చూడవలసినవి

పిల్లల జబ్బులు ఇంట్లో తల్లికి, అమ్మమ్మకు, నాయనమ్మకు ముందుగా తెలుస్తాయి. వైద్యుడికంటే ముందు జబ్బును చూసేది వారే కాబట్టి, ఏది ప్రమాద సూచనో వారికి తెలిస్తే సగం నిర్ణయం సరిగా జరిగినట్లే. బిడ్డ పాలు గాని నీళ్ళు గాని తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, పిలిచినా పలకకుండా మగతగా పడి ఉండటం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ఉంచకూడదు, మందుల దుకాణానికి వెళ్ళి సిరప్ తెచ్చి చూద్దామనుకోకూడదు. రెండు నెలలు నిండని పసికందుకు జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా, పాలు పట్టడం తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ వయసులో జబ్బు ముదరడానికి ఒక్క రాత్రి చాలు.

దగ్గు, ఆయాసం ఉన్న బిడ్డకు ఊపిరి లెక్కించడం ఎవరైనా నేర్చుకోగల పని. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు ఒళ్ళో పడుకోబెట్టుకుని, చొక్కా పైకి జరిపి, పొట్టా ఛాతీ కలిసే చోట చూపు నిలపాలి. గడియారమో ఫోనో పక్కన పెట్టుకుని, పొట్ట లేచిన ప్రతిసారీ ఒకటిగా, పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. పసిపిల్లల ఊపిరి ఒకే తీరున సాగదు కాబట్టి పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే తప్పుడు అంకె వస్తుంది. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలలు నిండి ఏడాది నిండనివారికి 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపువారికి 40, లేదా అంతకు మించి వస్తే అది వేగంగా ఊపిరి తీయడమే. రెండు నెలల లోపు బిడ్డకు 60 దాటితే మరోసారి లెక్కించి చూడాలి. ఈ అంకెతో పాటు బిడ్డ డొక్కలెగరేస్తుంటే, అంటే ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే, నేరుగా ఆక్సిజన్ ఉన్న చోటికి వెళ్ళాలి. ‘దగ్గు బాగా ఉందండీ’ అని చెప్పడానికీ ‘నిమిషానికి 58 సార్లు ఊపిరి తీస్తున్నాడు, రెండుసార్లు లెక్కించాను’ అని చెప్పడానికీ తేడా చాలా ఉంది. రెండో మాట విన్న నర్సు వరుసలో ఉన్న బిడ్డను ముందుకు పిలుస్తుంది.

విరేచనాలు మొదలైన బిడ్డకు వైద్యం మొదలయ్యేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే. ఓఆర్ఎస్ పొడిని పొట్లం మీద రాసినన్ని శుభ్రమైన నీళ్ళలో కలిపి, కొద్దికొద్దిగా పట్టిస్తూ ఉండాలి. తల్లిపాలు ఆపకూడదు. 10 నుంచి 14 రోజులు జింక్ కూడా ఇవ్వాలి కాబట్టి దగ్గరి ఆరోగ్య కార్యకర్తను కలవాలి. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో మడతగా పట్టి వదిలితే అది రెండు సెకన్లు దాటినా అలాగే నిలిచినా, కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ తాగే ఓపిక లేక మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా ఇంటి వైద్యం చాలదు. దారిలో కూడా, బిడ్డ తాగగలిగినంత వరకూ, ఓఆర్ఎస్ పట్టడం మానకూడదు.

గడువు ఎక్కువ ఉన్న జబ్బులకు

రక్తపోటు, మధుమేహం, క్షయ, ఉబ్బసం, మూర్ఛ వంటివాటి గురించి నా అభిప్రాయం కొంత కఠినంగానే ఉంటుంది: వీటికి పేరున్న దూరపు ఆసుపత్రికంటే నెలనెలా వెళ్ళగలిగే దగ్గరి చోటు మేలు. రక్తపోటు మందు ఆగిపోయే కారణాల్లో డాక్టరు సరిగా చూడకపోవడం కంటే, నెల మందులు అయిపోయి మళ్ళీ పట్నం పోయే తీరిక లేకపోవడం ఎక్కువగా వినిపిస్తుంది. జబ్బును మొదటిసారి నిర్ధారించుకోవడానికి, ఏడాదికొకసారి కళ్ళూ మూత్రపిండాలూ పరీక్షించుకోవడానికి పెద్దచోటికి వెళ్ళి, మిగిలిన నెలల్లో అదే చీటీ ప్రకారం దగ్గర్లో మందు తీసుకోవడం చాలామందికి సరిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గని దగ్గుకు మాత్రం మందుల దుకాణంలో నాలుగో సీసా కొనడం మానేసి, తెమడ పరీక్ష చేసే చోటికి వెళ్ళాలి. ప్రజల దగ్గరే ఉండే ప్రాథమిక వైద్యమే ఆరోగ్య వ్యవస్థకు పునాది అని 1978లో ఆల్మా-ఆటా నగరంలో (ఇప్పటి కజకిస్తాన్‌లోని అల్మాటీ) జరిగిన అంతర్జాతీయ సమావేశంలో దేశాలు ప్రకటించాయి. ఆ మాట కాగితం మీద నిలిచినంతగా అన్ని ఊళ్ళలోనూ నిలవలేదన్నది వేరే సంగతి.

ఊళ్ళో మొదట దొరికే మనిషి

అర్హత పత్రం లేకపోయినా ఇంటికి వచ్చి చూసేవారు, మందుల దుకాణంవారు, నాటు వైద్యులు పల్లెవారికి మొదటి దిక్కుగా ఉండటానికి కారణాలు ఉన్నాయి. వారు పిలిస్తే పలుకుతారు, బాకీ పెట్టుకుంటారు, ఇంటి భాషలో మాట్లాడతారు, చిన్నచూపు చూడరు. ఆసుపత్రిలో ఒకసారి కసురుకున్న మాట ఆ కుటుంబాన్ని ఎన్నో ఏళ్ళు అటువైపు పోనివ్వదు. కాబట్టి వారి దగ్గరికి వెళ్ళవద్దని చెప్పి ప్రయోజనం లేదు; వెళితే ఎంతవరకు అన్నది ముందే గీత గీసుకోవాలి. ప్రతి జ్వరానికీ ఇంజెక్షనో సెలైనో ఎక్కించడం, రకరకాల మాత్రలు పొట్లం కట్టి పేరు చెప్పకుండా ఇవ్వడం, యాంటీబయాటిక్ రెండు రోజులకే ఇవ్వడం కనిపిస్తే అక్కడ ఆగాలి. మింగగలిగిన మనిషికి మాత్ర చేయలేని మేలు ఇంజెక్షన్ చేసే సందర్భాలు తక్కువ. ఊళ్ళోని వైద్యుడు మంచివాడా కాదా అని తెలుసుకోవడానికి నేను చూసే గుర్తు ఒక్కటే: ‘ఇది నా చేతిలో లేదు, ఫలానా చోటికి పొండి’ అని ఆయన ఎప్పుడైనా, ఆలస్యం కాకముందే, అన్నాడా?

తీరిక రోజున చేయవలసిన పని

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఇంట్లో జబ్బు లేని ఒక రోజున, మీకు అందుబాటులో ఉన్న రెండు మూడు చోట్లకు వెళ్ళి నేరుగా విచారించండి. బోర్డు మీద రాసిన సేవలు ఒకటి, నిజంగా ఉండేవి మరొకటి. అడగవలసిన ప్రశ్నలు ఇవి: రాత్రి పూట ఎవరు ఉంటారు, డాక్టరా నర్సా? పాము విషానికి విరుగుడు, కుక్కకాటు టీకా ఈ రోజు నిల్వ ఉన్నాయా? ఆక్సిజన్ ఉందా? ఈసీజీ ఉందా, అది రాత్రి కూడా తీస్తారా? కడుపు కోసి కాన్పు చేయగలరా, రక్తం ఇక్కడే దొరుకుతుందా, తెప్పించాలా? మీవల్ల కానిదైతే ఎక్కడికి పంపుతారు, వాహనం మీరే ఇస్తారా? ‘అన్నీ ఉన్నాయి’ అన్న జవాబును నమ్మకండి. ‘అది లేదు, ఫలానా చోట ఉంది’ అని చెప్పే మనిషి మీకు ఎక్కువ పనికివస్తాడు. పని ఒత్తిడి లేని మధ్యాహ్న వేళ మర్యాదగా అడిగితే చాలాచోట్ల చెబుతారు.

దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటల్లో రాసుకోండి, అదీ రెండు రకాలుగా: పగలు ఎంత, వర్షాకాలపు రాత్రి ఎంత. వాగు పొంగితే తెగిపోయే దారి అయితే వానాకాలానికి వేరే చోటు అనుకోవాలి. వాహనం ఎవరిది, ఆ మనిషి ఊళ్ళో లేకపోతే రెండోది ఎవరిది, అంబులెన్స్ మీ గుమ్మం దాకా వస్తుందా, మలుపు దగ్గర ఆగుతుందా అన్నవి కూడా అదే కాగితం మీద ఉండాలి. ఆ కాగితాన్ని తలుపు లోపలివైపు, చదువుకున్న పిల్లవాడికి అందే ఎత్తులో అతికించండి. ఆపద సమయంలో పెద్దవారి చేతులు వణుకుతుంటే ఫోను చేసేది తరచుగా ఆ పిల్లవాడే.

‘బయలుదేరండి’ అనే హక్కు ఎవరిది

1994లో సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ అనే పరిశోధకులు తల్లుల మరణాలను పరిశీలించి ఆలస్యాలు మూడు రకాలని వివరించారు: వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం. రెండోదీ మూడోదీ చాలావరకు మన చేతిలో ఉండవు. మొదటిది పూర్తిగా ఇంటిలోపలిది.

ఒక ఇంటిని ఊహించుకోండి. కోడలికి ఎనిమిదో నెల, తెల్లవారుజామున తల పగిలిపోతోందని, కళ్ళు మసకబారుతున్నాయని చెబుతుంది. ఇది రక్తపోటు పెరిగి మూర్ఛలకు దారితీయగల సూచన అని అత్తగారికి అర్థమవుతుంది కానీ కొడుకు పనికోసం దూరంలో ఉన్నాడు, ఫోను ఎత్తడం లేదు; మామగారు కొడుకు మాట లేకుండా డబ్బు తీయడానికి సంకోచిస్తారు. ఎవరూ చెడ్డవారు కారు, ఎవరూ వద్దనలేదు, అయినా ఎండ ఎక్కేదాకా ఎవరూ కదలలేదు. ఈ చిక్కు విడిపోవాలంటే ఆ మాట ముందే అనుకుని ఉండాలి: ఫలానా లక్షణాలు కనిపిస్తే ఎవరి అనుమతీ అక్కరలేదు, ఇంట్లో ఉన్న పెద్ద మనిషి, ఆమె ఆడమనిషైనా సరే, బయలుదేరదీయవచ్చు, కొంత డబ్బు ఆమె చేతిలోనే ఉంటుంది. ఈ మాటను ఇంటి మగవారు అందరి ముందూ ఒకసారి చెప్పి ఉంచాలి.

ఖర్చు సంగతి

వైద్యానికి చేసే ఖర్చు ఇంటి మొత్తం ఖర్చులో పదో వంతు దాటితే దాన్ని కుటుంబాన్ని కుంగదీసే భారంగా లెక్కించే కొలత ఒకటి అంతర్జాతీయంగా వాడుకలో ఉంది. అయితే కుటుంబాలు ముందు చూసుకునేది డాక్టరు ఫీజును. నిజంగా మునగదీసేవి పరీక్షలు, మందులు, దారి ఖర్చు, తోడు వెళ్ళినవారి కూలి, మళ్ళీ మళ్ళీ తిరగడం. అందుకని ‘చవక’ అనుకున్న చోట మూడుసార్లు తిరిగి, చివరికి పెద్దచోటికే చేరిన జబ్బు అన్నిటికంటే ఖరీదైనదవుతుంది. ప్రభుత్వ పథకమో బీమానో ఉంటే దాని కార్డులో అందరి పేర్లూ ఉన్నాయా, ఏ ఆసుపత్రుల్లో చెల్లుతుంది, ఏ జబ్బులకు చెల్లదు అన్నవి ముందే చూసుకోవాలి. పొలం తాకట్టు పెట్టి శస్త్రచికిత్స చేయించమంటే, అది గంటల్లో ప్రాణం తీసే జబ్బు కానప్పుడు, మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. అడిగితే కోపగించుకునే చోట ఇంకా తప్పక తీసుకోవాలి.

చేరాక, తిరిగి వచ్చేటప్పుడు

వెళ్ళేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మందుల ఖాళీ అట్టలు, గర్భిణి అయితే ఆమె కార్డు ఒకే సంచిలో పెట్టి తలుపు దగ్గరే ఉంచాలి. జబ్బు ఎప్పుడు మొదలైంది, దారిలో ఏ మందు ఇచ్చారు అన్నవి కాగితం మీద రాసుకుని వెళితే, వచ్చిన ముగ్గురు మూడు రకాలుగా చెప్పే ఇబ్బంది తప్పుతుంది. ఊళ్ళో నాటు మందు ఇచ్చి ఉంటే దాచకూడదు. తిడతారన్న భయంతో దాచిన మందే కొన్నిసార్లు తర్వాతి మందుతో కలిసి హాని చేస్తుంది. అక్కడినుంచి మరో చోటికి పంపుతుంటే, ఎందుకు పంపుతున్నారో, అప్పటికి ఏమి చేశారో రాసిన చీటీ లేకుండా కదలకండి, అవతలివారికి ఫోను చేసి చెప్పమని అడగండి.

ఇంటికి పంపుతున్నప్పుడు మందులు ఎలా వేయాలో చెబుతారు, మనం తలూపి వచ్చేస్తాం. అక్కడే నిలబడి ఇంకో రెండు మాటలు అడగాలి: ఏ లక్షణం కనిపిస్తే మేము తేదీ కోసం ఆగకుండా వెంటనే రావాలి, అప్పుడు ఇక్కడికే రావాలా, ఇంకో చోటికి పోవాలా? ఆ జవాబును చీటీ వెనుక మీకు అర్థమయ్యే మాటల్లో రాయించుకుని, ఇంటికి చేరగానే తలుపు మీది కాగితం పక్కన అతికించండి.